కనబడకుండ పోయిన కథకుడు

సుందరకాండమున నొక చిన్న ఘట్టము కలదు. లంకలో రాత్రివేళ రావణుని అంతఃపురమున వెదకుచున్న హనుమంతుడు, శయ్యపై నిద్రించుచున్న మండోదరిని చూచి, ఈమెయే సీత యని తలచి పరమానందము నొందును. తోకను ముద్దాడును, స్తంభముల నెక్కి దిగును. అంతలోనే ఆగి ఆలోచించును. రామునకు దూరమైన సీత ఇట్లు సుఖముగ నిద్రింపదు, ఆభరణములు ధరింపదు, పానభోజనముల ముట్టదు; కావున ఈమె వేరొకతె యని నిశ్చయించుకొని మరల వెదుక నారంభించును. మన విద్యార్థులు దీనిని భక్తికథగా చదివియుందురు. అపరాధ పరిశోధనమునకు కావలసిన ముఖ్యగుణము కూడ ఇందే యున్నది. కనబడినదానిని తాము ఎరిగినదానితో పోల్చి చూచి, సరిపడనిచో సంతోషమును సైతము వెనుకకు తీసికొనుటయే ఆ గుణము.

ఈ సంచికలో మేము వివరింపదలచినది ఒక క్రొత్త తరహా నవలను గూర్చి. ఇంగ్లీషు భాషలో కొన్ని ఏండ్లుగా ఈ తరహా పెరుగుచున్నది. నిజముగా జరిగిన నేరములను వారము వారము చెప్పుచు వేలమంది శ్రోతలను సంపాదించిన ఒక కథకుడో కథకురాలో ఒకనాడు కనబడకుండ పోవుట అందలి వస్తువు. పోలీసు శాఖకుగాని పత్రికకుగాని చెందని ఒక సామాన్యుడు ఆ మనిషిని వెదకుటకు పూనుకొనును. అతనికి అధికారము లేదు, ఆయుధము లేదు. చేతనున్నవి పోయినవాని పాత శబ్దముద్రణములు మాత్రమే. మా పై తరగతుల పిల్లలు ఇట్టి నేరకథలను చరవాణిలో వినుచున్నారు. చెవిలో తీగ పెట్టుకొని అర్ధరాత్రి వరకు ఏమి వినుచున్నావని తల్లిదండ్రులు అడుగుచున్నారు. ఇది చదువా, కాలక్షేపమా, చెడు అలవాటా యని కొందరు మమ్ము కూడ అడిగిరి. ఒక్క మాటలో జవాబు చెప్పుట మావలన కాలేదు. కావున ఈ వ్యాసము.

ముందుగా ఆ మాట సంగతి. పాడ్‌కాస్టు అను పేరు 2004లో పుట్టినది. ఐపాడ్ అను చిన్న సంగీతయంత్రము పేరును, ప్రసారమను అర్థము గల బ్రాడ్‌కాస్ట్ అను పదమును కలిపి ఒక ఆంగ్ల పత్రికా రచయిత ఆ మాటను వాడెను. తెలుగున శ్రవ్య ధారావాహిక యనవచ్చునుగాని, పిల్లల నోట పాడ్‌కాస్టు అను మాటయే నిలిచినది. మేమును దానినే వాడుదుము. ఆకాశవాణి తన వేళకు పలుకును, ఇది మన వేళకు పలుకును. అంతకుమించిన భేదము పెద్దగా లేదు. హరిదాసు కథ నడుమ ఆపి పిట్టకథ చెప్పినట్లు, వీరు నడుమ ఆపి పరుపుల వ్యాపారమును గూర్చి చెప్పుదురు.

నిజమైన నేరములను ధారావాహికగా చెప్పుట కూడ మన దేశమునకు క్రొత్త గాదు. కలకత్తా పోలీసు శాఖలో డిటెక్టివు ఉద్యోగము చేసిన ప్రియనాథ ముఖోపాధ్యాయుడు తన అనుభవములను 1892 నుండి ‘దారోగార్ దప్తర్’ అను పేర వంగభాషలో నెలనెల ప్రకటించెను. రెండువందలకు పైగా సంచికలు వచ్చినవి. నెలకొక నేరము, దానిని తెలిసికొన్న విధము. చదువరి తరువాతి నెలకై ఎదురుచూడవలెను. యంత్రము లేదన్న మాటయే గాని, ఇది నేటి పాడ్‌కాస్టునకు పితామహుడు. ఆ పిమ్మట పాంచ్‌కడి దే వంటి వంగ రచయితల అపరాధ పరిశోధక నవలలు 20వ శతాబ్ది తొలి దశకములలో తెలుగులోనికి వచ్చి, మన యువకుల నిద్రను చెడగొట్టినవి. అపరాధ పరిశోధనమను గంభీరమైన సంస్కృత సమాసము తెలుగువాని నోట నానినది ఆ నవలల వలననే.

స్వతంత్ర రచనలలో కొమ్మూరి సాంబశివరావు (1926–1994) పేరు ముందు చెప్పవలెను. ఆయన సృష్టించిన డిటెక్టివు యుగంధర్, సహాయకుడు రాజు ఒక తరమంతటికి ఇంటివారివలె పరిచితులు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ మొదలగువారు మరికొందరు. మన ప్రాంతపు పిల్లలు గమనింపవలసిన విషయమొకటి ఇందు కలదు. యుగంధర్ నివాసము హైదరాబాదు కాదు, విజయవాడ కాదు, చెన్నపట్నము. ఆ కాలపు తెలుగు డిటెక్టివు పుస్తకములు పెక్కు అచ్చయినదియు అచ్చటనే. ఈ రాష్ట్రమున పుట్టి తెలుగు చదువుట వింతయని తలచు పిల్లవాడు, తెలుగు డిటెక్టివు చెన్నపట్నపు వీథులలో కారు నడపినవాడని తెలిసికొనుట మంచిది. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో అద్దె పుస్తకముల అంగడి నుండి తెచ్చుకొని ఆ నవలలను చదివితిమి. చివరి పుటలు చిరిగిన పుస్తకమునకు సగము అద్దె.

ఇక ఔత్సాహిక పరిశోధకుని సంగతి. షెర్లాక్ హోమ్సు 1887లో పుట్టినది మొదలు కల్పనాలోకమున పోలీసుకంటె ఔత్సాహికుడే తెలివిగలవాడు. నిజలోకమున అట్లు జరుగునా యన్న ప్రశ్నకు హోమ్సును సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ జీవితమే రెండు విధములైన సమాధానములు చెప్పుచున్నది.

మొదటిది జార్జి ఎడాల్జీ వ్యవహారము. ఇతని తండ్రి బొంబాయి నుండి వెళ్లి ఇంగ్లండులో క్రైస్తవ మతాచార్యుడైన పారశీకుడు. కుమారుడు న్యాయవాది. వారి గ్రామమున రాత్రులందు పశువులను ఎవరో కోసి చంపుచుండగా, ఆ నేరము ఈ నల్లనివానిపై మోపబడెను. 1903లో ఏడేండ్ల కఠిన శిక్ష పడెను. మూడేండ్ల పిదప అతనిని విడిచిరి గాని నిర్దోషియని అనలేదు. డాయిల్ అతనిని మొదటిసారి చూడబోయినప్పుడు ఎడాల్జీ ఒక హోటలులో పత్రికను ముఖమునకు మిక్కిలి దగ్గరగా, ఒక ప్రక్కకు వంచి పట్టుకొని చదువుచుండెను. డాయిల్ కంటివైద్యము అభ్యసించినవాడు. పట్టపగలే ఇంత మందమైన చూపు గలవాడు చీకటిలో రైలుపట్టాలు దాటి పొలములకు పోయి పశువులను కోయగలడా యని అతడు ప్రశ్నించెను. ఊహతో ఆగక ఆ స్థలమునకు పోయి త్రోవలు నడచి చూచెను, కాగితములను పరిశీలించెను, 1907లో తన వాదమును పత్రికలో పేరు వ్రాసి ప్రకటించెను. ఆ ఏడే ఎడాల్జీకి క్షమాపణ లభించినది. ఇంగ్లండులో నేరవ్యవహారములకు అప్పీలు న్యాయస్థానము ఏర్పడినదియు ఆ ఏడే. ఈ వ్యవహారము దానికొక కారణమని చరిత్రకారులందురు.

రెండవది 1926 నాటిది. ఇది మన నవలా వస్తువునకు మిక్కిలి దగ్గర, ఏలయన కనబడకుండ పోయినది నేరకథలు వ్రాయు రచయిత్రియే. డిసెంబరు 3 రాత్రి అగాథా క్రిస్టీ తన ఇంటినుండి కారులో బయలుదేరెను. మరునాటి ఉదయము ఆ కారు న్యూలాండ్స్ కార్నర్ అనుచోట వాలుపై నిలిచియుండెను. లోపల బొచ్చుకోటు, కారు నడపు అనుమతి పత్రము ఉన్నవి, మనిషి లేదు. వేయిమందికి పైగా పోలీసులు, వేలకొలది సామాన్య జనులు పొలములను, పొదలను గాలించిరి. చెరువులో వలలు వేసిరి. విమానములు కూడ ఎగిరినవి. భర్త వేరొక స్త్రీని వివాహమాడదలచియున్నాడని తెలియుటచే అతడే చంపియుండునని లోకము గుసగుసలాడెను. డొరొతీ సేయర్స్ అను మరొక డిటెక్టివు రచయిత్రి స్వయముగా ఆ స్థలమును చూచి వచ్చెను. మరి డాయిల్? ఎడాల్జీ కన్నులను చూచి సత్యమును పట్టిన ఆ మహానుభావుడు, ఈసారి క్రిస్టీ చేతితొడుగును సంపాదించి, ఆత్మలతో మాటలాడుదునని చెప్పుకొను ఒకని చేతికిచ్చెను!

పదునొకండు దినముల పిదప, డిసెంబరు 14న, ఆమె ఎంతో ఉత్తరమున హారోగేట్ పట్టణపు హోటలులో సుఖముగ నుండుట తెలిసినది. భర్త ప్రేమించిన స్త్రీ ఇంటిపేరుతో గది తీసికొని, పత్రికలు చదువుచు, సాయంకాలము సంగీతము వినుచు ఉండెను. ఆమెను గుర్తుపట్టినవారు ఆ హోటలు వాద్యగాండ్రు. ఇంతమంది రచయితలు, ఇంతమంది పోలీసులు చేయలేని పని, ప్రతిదినము ఆమె ముఖమును చూచుచున్నవారు చేసిరి. ఏల వెళ్లినదో ఆమె పూర్తిగా విప్పి చెప్పలేదు. 1977లో వెలువడిన స్వీయచరిత్రలో కూడ ఆ పదునొకండు దినముల మాట లేదు. అప్పటి గుసగుసలను నమ్మి ఎవరైన ఆ భర్తపై చేయి చేసికొనియుండిన ఏమయ్యెడిదో పిల్లలు ఆలోచింతురు గాక.

మన కాలమునకు వచ్చెదము. 2014లో అమెరికాలో సారా కోనిగ్ చెప్పిన ‘సీరియల్’ అను పాడ్‌కాస్టు లోకమంతట ప్రసిద్ధి పొందినది. 1999లో బాల్టిమోరులో జరిగిన ఒక విద్యార్థిని హత్యలో శిక్ష సరియైనదేనా యన్నది ఆమె ప్రశ్న. ఆ శిక్ష 2022లో రద్దయి, 2023లో మరల నిలిచి, 2025లో కాలము మాత్రము తగ్గింపబడినది. వినువారికి మాత్రము నెలలోనే తీర్పు తెలిసిపోయినది, అదియును ఇరుపక్షములుగా!

వీనిలో మాకు మెచ్చదగినదిగా తోచినది క్రిస్ లాంబర్ట్ కృషి. ఇతడు విలేఖరి కాదు, పోలీసు కాదు. పాటలు కట్టి పాడువాడు. కాలిఫోర్నియాలో 1996 మే నెలలో ఒక కళాశాల విద్యార్థిని రాత్రి విందు నుండి తన వసతిగృహమునకు నడచిపోవుచు అదృశ్యమయ్యెను. ఆమె చిత్రముగల పెద్ద ప్రకటన ఫలక యొకటి దారి ప్రక్కన ఏండ్లతరబడి నిలిచియుండెను. దానిని చూచుచు తిరిగిన లాంబర్ట్ 2019లో ఆ కథను చెప్పనారంభించెను. అంతకుముందు ఎవరును అడుగని సాక్షులను అతడు అడిగెను. వారిని పోలీసులకు చెప్పుడని పంపెను. 2021లో, ఆ రాత్రి ఆమెతోకూడ నడచిన వ్యక్తిని నిర్బంధించిరి. 2022లో హత్యానేరము స్థిరపడెను. అంతవరకును ఆమె శరీరము దొరకలేదు. సాక్షులను తనయొద్ద దాచుకొనక అధికారులవద్దకు పంపుటలోనే ఆ మనిషి పెద్దరికమున్నది.

ఆస్ట్రేలియాలోని ఉదాహరణము ఇంత సుగమము కాదు. 1982లో కనబడకుండ పోయిన ఒక గృహిణిని గూర్చి హెడ్లీ థామస్ అను విలేఖరి 2018లో ‘ది టీచర్స్ పెట్’ అను ధారావాహిక నడపెను. కోట్లకొలది సార్లు వినబడినది. ఆ ఏటి చివర భర్తను నిర్బంధించిరి. 2022లో శిక్ష పడినది. గాని ఇంత ప్రచారము జరిగిన పిమ్మట నిష్పాక్షిక విచారణ ఎట్లు సాధ్యమని ప్రశ్న పుట్టి విచారణ కొంతకాలము నిలిచిపోయెను. ఆ దేశమున పాడ్‌కాస్టును తొలగింపవలసి వచ్చెను. తుదకు జూరీ లేకుండ న్యాయమూర్తి ఒక్కరే విచారించిరి. నేరస్థుని పట్టించిన గొంతే నేరస్థుడు తప్పించుకొనుటకును దారి చూపియుండెడిది.

పరిశోధకులమని తలచినవారు నిర్దోషిని పట్టుకొన్నచో ఏమగును? 2013 ఏప్రిలులో బోస్టన్ నగరమున బాంబులు ప్రేలినప్పుడు, అంతర్జాలములో చిత్రములను పోల్చి చూచినవారు, అంతకు నెలదినములముందు కనబడకుండ పోయిన భారత సంతతి విద్యార్థి యొకనిని దోషిగా ప్రకటించిరి. బిడ్డను వెదకుకొనుచున్న ఆ కుటుంబముపై దూషణల వర్షము కురిసెను. అతనికి ఆ నేరముతో ఏ సంబంధమును లేదు. కొలది దినములకు నదిలో అతని శవము దొరకినది.

అంత దూరము పోనక్కరలేదు. 2018 మే నెలలో, మన కృష్ణగిరి జిల్లాను ఆనుకొనియున్న తిరువణ్ణామలై జిల్లాలో, కులదైవము గుడిని చూడవచ్చిన ఒక కుటుంబమువారు త్రోవలో పిల్లలకు మిఠాయి ఇచ్చిరి. పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వార్తలు అప్పటికి చరవాణులలో ఊరూర తిరుగుచున్నవి. గ్రామస్థులు గుమిగూడి కొట్టిరి. 65 ఏండ్ల వృద్ధురాలు మరణించెను. ఆ నెలలోనే బెంగళూరులో రాజస్థాను నుండి వచ్చిన ఒక యువకుడు అదే అనుమానమునకు బలియయ్యెను. ఆ జూలైలో సుప్రీంకోర్టు ఇట్టి మూకదాడుల నరికట్టుటకు ప్రభుత్వములకు ఆదేశములిచ్చినది. చరవాణిలో ఒక వార్తను ఒకేసారి ఐదుచోట్లకు మించి పంపరాదను నియమము వాట్సాపు సంస్థ మన దేశమున తెచ్చినదియు అప్పుడే. క్రొత్తమొగము, తెలియని భాష అను రెండే ఆ అనుమానమునకు ఆధారములు. ఇంట తెలుగు, వీథిలో తమిళము, సంతలో కన్నడము మాటలాడు మనకు ఈ సంగతి ఇతరులకంటె ఎక్కువగా గుచ్చుకొనవలెను.

ఇప్పుడు నవలకు మరలుదము. దాని కట్టుబడి సామాన్యముగ రెండు పేటల త్రాడు. ఒక పేట పోయినవాని పాత భాగములు. అవి పుస్తకమున నాటకపు సంభాషణములవలె అచ్చగును. రెండవ పేట వెదకువాని నేటి కథ. చదువరి రెంటిని పోల్చుకొనుచు పోవలెను. 2018లో కోర్ట్నీ సమ్మర్స్ వ్రాసిన ‘సేడీ’ అను నవలలో ఈ కట్టుబడియే ఉన్నది, అయితే అక్కడ పాడ్‌కాస్టు చెప్పువాడు వెదకును, పోయినది ఒక బాలిక. మన తెలుగు చలనచిత్రములలో 2019 నాటి ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ ఈ కోవకు దగ్గర. నెల్లూరులో చిన్న కార్యాలయము పెట్టుకొన్న ఆ యువకుని విద్య యంతయు సినిమాలు చూచి నేర్చినదే; నవ్వు పుట్టించును, గాని పని వదలడు.

శబ్దమే ఆధారమైన కథలో భాషాజ్ఞానము ఎంత పనికివచ్చునో చూపుటకు ఒక కల్పిత ఉదాహరణము చెప్పెదము. హొసూరున ఒక పాడ్‌కాస్టు చెప్పు అమ్మాయి కనబడకుండ పోయినదనుకొందము. చివరి భాగములో ఒకడు ఆమెకు ఫోనుచేసి, తాను విజయవాడవాడనని, ఎన్నడును ఈ ప్రాంతమునకు రాలేదని చెప్పును. మాట నడుమ ‘ఇంట్లోనే ఉండాది’ అనును. విజయవాడలో పుట్టినవాడు ‘ఉంది’ అనును గాని ‘ఉండాది’ అనడు. ఆ రూపము చిత్తూరు ప్రక్కనో రాయలసీమలోనో పెరిగినవానిది. పోలీసు అధికారికి తెలుగు రాకపోవచ్చును. మన తొమ్మిదవ తరగతి పిల్లవానికి ఇది చెవిని పడినంతనే తెలియును. అయినను జాగ్రత్త! విజయవాడవాడు అబద్ధమాడెనని మాత్రమే దీనివలన తేలునా? అదియును పూర్తిగా తేలదు. అతని తల్లిది మదనపల్లె కావచ్చును. మాటతీరు వెదకవలసిన దిక్కును చూపునే గాని దోషిని చూపదు.

చిరుతల, పులుల జాడ తీయువారును ఇదే చెప్పుదురు. మన దేంకణికోట అడవులలోని జవళగిరి పులిని గూర్చి కెన్నెత్ ఆండర్సన్ వ్రాసిన కథ 1954 నాటి అతని మొదటి పుస్తకములోనిది. నరభక్షకిని వేటాడబోయినవాడు ఎదురైన ప్రతి పులిని కాల్చరాదు. అడుగు కొలతను పట్టి ఆ పులియే ఈ పులియా యని చూడవలెను.

చట్టము తెలియని రచయిత ఈ తరహా నవలలో తప్పక చిక్కుపడును. మన దేశమున పోలీసు అధికారియెదుట చేసిన నేరాంగీకారమును ముద్దాయిపై సాక్ష్యముగ చూపరాదు. 1872 నాటి సాక్ష్య చట్టమున ఉన్న ఈ నియమము, దాని స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన చట్టమునను నిలిచినది. సామాన్యునియెదుట ఒప్పుకొన్నచో న్యాయస్థానము వినవచ్చును గాని దానిని బలహీనమైన సాక్ష్యముగనే ఎంచును. శబ్దముద్రణమును చూపవలెనన్న అది ఏ యంత్రమునుండి, ఎట్లు తీయబడినదో తెలుపు ధ్రువపత్రము వలయును. కావున పోయినమ్మాయి చరవాణిని తెరచి తోచినట్లు తిప్పు కథానాయకుడు, చదువరి చప్పట్లు కొట్టుచుండగా సాక్ష్యమును చెరపుచున్నాడు. లైంగిక నేరములకు గురియైన బాలల పేరుగాని, ఇల్లుగాని, బడిగాని ప్రచారసాధనములలో బయటపెట్టుట నేరము. కథ చెప్పువారు వినిపించువారు ఇది ఎరిగియుండవలెను.

మరొక సినిమా భ్రమను కూడ తల్లిదండ్రులకొరకు ఇక్కడ తొలగింతుము. మనిషి కనబడనిచో 24 గంటలు ఆగి ఫిర్యాదు చేయవలెనను నియమము మన చట్టమున లేదు. ఏ పోలీసుస్టేషనులోనైన ఫిర్యాదు వ్రాసికొనవలెను. తమ సరిహద్దు కాకున్న నమోదు చేసి తగిన స్టేషనునకు వారే పంపుదురు. హొసూరువంటి సరిహద్దు ఊరివారికి ఇది ముఖ్యము, బస్సెక్కిన గంటలోపల రాష్ట్రము మారును గదా. కనబడని పిల్లల ఫిర్యాదును నేరముగనే భావించి నమోదు చేయవలెనని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించినది. పిల్లల సహాయమునకు 1098, అత్యవసరమునకు 112 అంకెలు.

ఈ నవలల ముగింపులు రెండు విధములు. పాత పద్ధతిలో డిటెక్టివు అందరిని ఒక గదిలో కూర్చుండబెట్టి, ఒక్కొక్కరిని చూచుచు కథ విప్పును. యుగంధర్ అట్లు విప్పినప్పుడు మాకు ఆకలి కూడ తెలిసెడిది కాదు. క్రొత్త పద్ధతిలో పోయిన కథకుడు ఒక్కొక్కప్పుడు దొరకడు, లేదా తానే ఇష్టపడి పోయెనని తేలును. శ్రోతల ఆకలిని తీర్చలేక విసిగి పారిపోయినవాడును ఉండవచ్చును. పిల్లలకు ఇది నచ్చదు, మోసపోయితిమందురు. మాకు మాత్రము హారోగేట్ హోటలులో వాద్యగాండ్రు పాట వాయించుచు, ఎదుట కూర్చున్న ఆమె ముఖమును ఒకరికొకరు కనుసైగతో చూపుకొనిన ఆ సాయంకాలమును మించిన ముగింపు ఏ నవలలోను కనబడలేదు.